సవరణ: ఎల్‌ఐసీ భవనం ఎవరి డిజైన్?

మద్రాసులో 1932లో మొదలైన చిటాలే ఆర్కిటెక్చర్ సంస్థ గురించి మొన్న రాసిన పోస్టులో, మౌంట్ రోడ్డు ఎల్‌ఐసీ భవనం డిజైన్ మొత్తం ఆ సంస్థను స్థాపించిన ఎల్.ఎం. చిటాలేదే అన్నాను. అది తప్పు. మన వైజాగ్‌లోనే ఆర్కిటెక్చర్ చదువుతున్న ఒకమ్మాయి చెబితే, చెన్నై కట్టడాల చరిత్రపై వచ్చిన వ్యాసాలు తిరగేశాను.

1953లో యునైటెడ్ ఇండియా బీమా కంపెనీ కోసం పని మొదలైంది. తొలి డిజైన్ లండన్ ఆర్కిటెక్టులు బ్రౌన్, మౌలిన్‌లది. 1956లో బీమా జాతీయమై భవనం ఎల్‌ఐసీకి వచ్చింది. వాళ్లిద్దరూ మధ్యలోనే తప్పుకుంటే మిగిలిన పని పూర్తిచేసింది చిటాలే. 1959లో భవనం ప్రారంభోత్సవం జరిగింది. ఇంకొకరు మొదలుపెట్టిన 177 అడుగుల కట్టడాన్ని నిలబెట్టడం చిన్న పనేం కాదు, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను. సరిచూడకుండా రాయడం నా పొరపాటే. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దీన్నీ జత చేయండి.