యాలకుల తరఫున వకాల్తా

యాలకులు, పుదీనా, గులాబీ, కుంకుమపువ్వు. వీటిలో ఏ ఒక్కదాని మీదైనా ఎవరికైనా ఫిర్యాదు ఉందా? లేదు కదా. మరి ఇవి రుచి కోసం పొగాకు పక్కన చేరగానే, ఆ రుచుల పొగాకు అమ్మకాన్ని దుకాణాల్లో కట్టడి చేయాలని కొందరు పెద్దమనుషులు ఎందుకు పట్టుబడుతున్నారో, పాలమూరులో కూర్చున్న నాకు అంతుబట్టడం లేదు. సావాసం చెడ్డదైతే యాలకులకు శిక్ష వేస్తారా?

ముందుగా ప్రభుత్వ పట్టుదలను మెచ్చుకోవాలి. తినే పదార్థాల్లో పొగాకు, నికోటిన్ ఉండకూడదని 2011 ఆహార భద్రత నిబంధనలు తేల్చేశాయి. దాన్ని పట్టుకొని మన రాష్ట్రం గుట్కాను నిషేధించింది. 2024 మే 24 నుంచి ఒక్క ఏడాది పాటు అని అప్పట్లో ఉత్తర్వు ఇచ్చారు. ఒక్క ఏడాదే ఎందుకంటే, చట్టంలో ఆ సెక్షన్ కింద అంతకు మించి నిషేధించే వీలు లేదు. కాబట్టి బండి ఇన్సూరెన్సు లాగా నిషేధానికీ రెన్యువల్ ఉంటుంది. తేడా ఒక్కటే. ఇన్సూరెన్సు అయిపోతే ఎవరో ఒకరు బండి ఆపి అడుగుతారు.

ఇక కంపెనీల చట్టభక్తి గురించి చెప్పాలంటే మాటలు చాలవు. పొగాకును తిండిలో కలపొద్దన్నారా, కలపడం మానేశారు. వక్కపొడి, యాలకులు, సెంటు ఒక పొట్లంలో. పొగాకు ఇంకో చిన్న పొట్లంలో. రెండూ ఒకే దండకు పక్కపక్కనే వేలాడుతుంటాయి, కానీ ఒకదానికొకటి పరిచయం లేదు. కొన్నవాడు రెండింటినీ పళ్లతో చింపి, అరచేతిలో పోసి, బొటనవేలితో నాలుగు తిప్పులు తిప్పి నోట్లో వేసుకుంటాడు. అంటే నిషేధిత వస్తువు తయారయ్యేది ఏ ఫ్యాక్టరీలోనూ కాదు, మన తమ్ముళ్ల అరచేతుల్లో. ఉపాధి లేదని పాలమూరు నుంచి బొంబాయికి వలసపోయిన రోజులు చూసినవాళ్లం, ఇంటింటికీ కుటీర పరిశ్రమ వచ్చిందంటే సంతోషించాలి గానీ ఏడవడం దేనికి?

సరుకు రవాణా కూడా చూడదగ్గది. కృష్ణ దాటితే రాయచూరు. అక్కడా గుట్కా మీద నిషేధమే, ఇక్కడా నిషేధమే. అయినా మక్తల్, నారాయణపేట దారుల్లో పట్టివేతల వార్తలు జిల్లా పేజీలో వస్తూనే ఉంటాయి. లేని చోటి నుంచి లేని చోటికి ఇంత సరుకు ఎలా నడుస్తుందన్నది ఆర్థిక శాస్త్రం చదివినవాళ్లు తేల్చాల్సిన విషయం.

దుకాణం దగ్గరి మర్యాద వేరు. ఎవరూ పేరు పెట్టి అడగరు.

"కాకా, గది ఉన్నదా?"

"ఏది?"

"గదే."

"లేదు బిడ్డా, బంద్ అయింది. ఎన్ని గావాలె?"

ఈ సంభాషణ జరిగేది ఒక బోర్డు కింద. పద్దెనిమిదేళ్లు నిండనివారికి పొగాకు అమ్మడం శిక్షార్హమైన నేరమని రాసి ఉన్న బోర్డు, కొలత కనీసం 60 సెంటీమీటర్లు బై 30 ఉండాలని రూలు. ఎండాకాలంలో బడిపిల్లలు నిలబడితే ముఖం మీద ఎండ పడకుండా సరిగ్గా సరిపోతుంది.

బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం ఉంది. గజాలు ఎక్కడి నుంచి కొలవాలో కూడా రాశారు, ప్రహరీ గోడ నుంచి. మన సర్కారు బళ్లు కొన్నింటికి ప్రహరీ గోడే లేదు గనక ఆ తలనొప్పి ఉండదు. తప్పి ఎవరైనా కొలిచి పట్టుకుంటే జరిమానా మహా అయితే 200 రూపాయలు. అదే ఈ-సిగరెట్ అమ్మితే 2019 చట్టం ప్రకారం మొదటిసారికే ఏడాది వరకు జైలో, లక్ష వరకు జరిమానానో, రెండూనో. ఇంకా బాల న్యాయ చట్టంలో, పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ల వరకు కఠిన శిక్ష అని ఉంది. అందులోనే ఒక మినహాయింపు కూడా ఉంది, అర్హత గల డాక్టరు రాసిస్తే ఇవ్వొచ్చట. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, భోజనం తర్వాత అని రాసే డాక్టరు కోసం నేను జిల్లా అంతా గాలిస్తున్నాను. దొరికితే చెప్తాను. 200, ఏడేళ్లు, ఈ రెండింటిలో ఏ సెక్షన్ రాయడానికి చేయి సులువుగా ఆడుతుందో మీకు వేరే చెప్పాలా?

రుచి పిల్లల కోసమే వేస్తారన్నది ఇంకో అభాండం. నిజమే, మా తాత తరం చుట్టలు కాల్చింది గానీ ఏనాడూ స్ట్రాబెర్రీ చుట్ట అడగలేదు. పొగాకు ఘాటు అలవాటైనవాడికి యాలకులతో పని లేదు, ఘాటుకు దగ్గి పారిపోయేవాడికే ఉంది. అంటే కొత్తవాళ్ల ఇబ్బందిని ముందే ఆలోచించి చేసిన ఏర్పాటు ఇది. ఈ అతిథి మర్యాదను తప్పుబట్టడం సంస్కారమేనా?

అమెరికావాళ్లు 2009లో సిగరెట్లలో పండ్ల రుచులు, మిఠాయి రుచులు తీసేశారు, పుదీనా చలువ ఇచ్చే మెంథాల్‌ను మాత్రం వదిలేశారు. ఆ వదిలేసినదాన్ని పట్టుకొని అక్కడి మసాచుసెట్స్ రాష్ట్రం, మెంథాల్‌తో సహా రుచుల పొగాకు అమ్మొద్దని 2019లో చట్టం చేసింది. కాలిఫోర్నియాలో అయితే దుకాణాల్లో రుచుల పొగాకు అమ్మొద్దన్న చట్టాన్ని 2022లో జనమే ఓట్లేసి నిలబెట్టుకున్నారు. మనకు ఆ టెన్షన్ లేదు. ఫిల్టర్‌లో పుదీనా గోలీ పెట్టి, నొక్కితే టప్పున పగిలే సిగరెట్ మీద రుచి పేరుతో ప్రత్యేక నిషేధం ఏదీ మన దగ్గర లేదు.

పొగాకు లేని పొట్లమైతే మంచిదే కదా అని నేనూ వాదించేవాణ్నే. కానీ వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. వక్క నమిలీ నమిలీ బుగ్గల లోపలి చర్మం గట్టిపడుతుంది. నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగా పట్టించమంటారు డాక్టర్లు. కొందరికి ఒక్క వేలు కూడా పోదు. దానికంటే ముందే నోట్లో మంట మొదలవుతుంది, కారం తగిలితే కళ్లలో నీళ్లు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు తినలేని పాలమూరు మనిషిని మీరు ఊహించగలరా? పాతికేళ్ల పిల్లగాడు రొట్టెను పాలల్లో నానబెట్టుకొని, చెంచాతో, పళ్ల సందులోంచి లోపలికి తోసుకుంటుంటే తల్లి పక్కన కూర్చొని చూస్తుంటుంది. ఇక్కడ మాత్రం నా వకాల్తా కొంచెం తడబడుతుందని ఒప్పుకుంటాను.

అయినా వృత్తిధర్మం వదలను. నా విన్నపాలు రెండే. ఒకటి, హోర్డింగుల మీద సినిమా హీరోలు నోట్లో వేసుకుని నవ్వేది ఉత్త యాలకులేనని కంపెనీలు చెబుతున్నాయి గనక, అదే ధరకు, అదే పొట్లంలో ఉత్త యాలకులే అమ్మించాలి. ఎన్ని దుకాణాలు మిగులుతాయో చూద్దాం. రెండు, పట్టుకున్న సరుకును ఊరి బయట తగలబెట్టేటప్పుడు గాలి ఎటు వీస్తుందో చూసుకోవాలి. వాసన కలెక్టరేట్ వైపు పోతే, వచ్చే ఏడాది రెన్యువల్ ఫైలు కాస్త ముందే కదలొచ్చు.