సవరణ: కోర్డోబా మెస్కితాలో ఆదివారం ఉచిత ప్రవేశం లేదు

తక్కువ ఖర్చుతో స్పెయిన్‌లోని కోర్డోబాలో ఒక రోజు ఎలా గడపొచ్చో చెప్పిన పోస్టులో, ఒకప్పటి మసీదైన మెస్కితాలోకి రోజూ పొద్దున్నే ఉచితంగా వెళ్లొచ్చని రాశాను. తప్పు. ఆ వెసులుబాటు సోమవారం నుంచి శనివారం వరకే. అదీ ఉదయం 8:30కి మొదలై గంటలోపే అయిపోతుంది. మెస్కితా ఇప్పుడు కేథడ్రల్ (పెద్ద చర్చి) కదా, ఆదివారం ప్రార్థనలుంటాయి. 850కి పైగా స్తంభాలున్న హాలు చూడ్డానికి ఆ కాస్త సమయం చాలదనుకోండి, అయినా జనం పలచగా ఉంటారు. గంట గోపురానికి టికెట్ వేరే.

ఇంకొకటి. ఆ పోస్టులో నేను గాస్పాచో (ఇదీ చల్లటి టమాటా సూపే) అని రాసిన వంటకం నిజానికి సాల్మోరేహో. బ్రెడ్డు, టమాటా, ఆలివ్ నూనె కలిపి చిక్కగా రుబ్బిన చల్లటి సూప్. పైన గుడ్డు, హ్యామ్ ముక్కలు చల్లుతారు. శాకాహారులు ఆర్డర్ ఇచ్చేటప్పుడే వద్దని చెప్పండి.