ఎమ్మెస్సార్పీ మధ్యలో ఉన్న ఆ ‘ఎస్’

డ్రైవరు సీటు మీది ప్లాస్టిక్ తొడుగు ఇంకా తీయలేదు. స్టీరింగుకు చుట్టిన కాగితం కూడా అలాగే ఉంది. ఓడోమీటరులో 43 మైళ్లు. అందులో సగం షోరూము నుంచి అమ్మకందారు గరాజు దాకా వచ్చిన దూరమే అయి ఉంటుంది.

2023లో ఒక రాత్రి, డాలస్ శివార్లలోని మా ఇంట్లో కూర్చుని వేలం సైటులో ఆ ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాను. షెవర్లే కార్వెట్ జెడ్06 అనే స్పోర్ట్స్ కారు. నేను కోరుకున్న నారింజ రంగే. వెయ్యి డాలర్లు బయానా కట్టి రెండేళ్లుగా డీలరు జాబితాలో పద్నాలుగో పేరుగా ఎదురు చూస్తున్నది దీని కోసమే. పాట అప్పటికే స్టిక్కరు ధర, అంటే కంపెనీ కారు అద్దం మీద అచ్చు వేసి పంపే ధర మీద యాభై వేల డాలర్లు దాటింది. వివరాల్లో అమ్మకందారు ఒక మాట రాశాడు: కార్లంటే ప్రాణమట.

ఈ కారు ఎందుకంత అని అడిగేవారికి రెండు మాటలు. ఐదున్నర లీటర్ల వి8 ఇంజను, టర్బో లేదు, 670 హార్స్‌పవర్, నిమిషానికి 8,600 సార్ల దాకా తిరుగుతుంది. కెంటకీలోని బౌలింగ్ గ్రీన్ ఫ్యాక్టరీలో ప్రతి ఇంజనునూ మొదటి నుంచి చివరి దాకా ఒక్క మనిషే బిగిస్తాడు. అతని పేరున్న చిన్న పలక దాని మీద ఉంటుంది. 2023 మోడలు మొదటి ధర 1,06,000 డాలర్లకు కాస్త పైన. ఇటలీవాళ్లు ఇలాంటి ఇంజనుకు దీనికి రెట్టింపు పైనే అడుగుతారు. మొదటి 500 మైళ్లు మెల్లగా నడిపి ఇంజనును దారికి తెచ్చుకోవాలి. 43 మైళ్ల కారంటే ఆ ఇంజను ఇంకా నోరు విప్పలేదన్నమాట. నోరు విప్పకముందే దాన్ని సంతకు తోలారు.

ఆ నెలంతా నేను మారుబేరగాళ్లను తిట్టిన తిట్లు మా కార్ల గ్రూపులో ఇంకా ఉన్నాయి. వెతికితే దొరుకుతాయి, వెతకకండి. వాటిలో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. సగమే.

ఎందుకంటే ఆ తర్వాత శనివారం డీలరు దగ్గరికి వెళ్లాను. లోపల, సరిగ్గా మధ్యలో, తెల్ల రంగు జెడ్06 ఒకటి నిలబెట్టి ఉంది. పక్క అద్దం మీద రెండు స్టిక్కర్లు. ఒకటి కంపెనీది. 1958లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి కొత్త కారు మీదా ఉండవలసిన ధరల పత్రం. ఆ చట్టం తెచ్చిన సెనేటర్ మన్రోనీ పేరే దానికి స్థిరపడింది. డీలర్లు ఇష్టం వచ్చిన ధర చెప్పి కొనేవారిని మోసం చేస్తున్నారనే ఆ చట్టం పుట్టింది. దాని పక్కనే, అదే కాగితంలా కనిపించేటట్టు అచ్చు వేసిన రెండో స్టిక్కరు. ‘మార్కెట్ సవరణ’ అని ఒకే ఒక వరుస, ఎదురుగా 70,000 డాలర్లు.

నేను పద్నాలుగో వాణ్ని కదా, ఈ కారు ఎవరిది అని అడిగాను. ఇది జాబితాలోది కాదు సార్, షోరూము కోసం తెప్పించినది అన్నాడు డీలరు. జాబితా ఎంతవరకు వచ్చింది అంటే, నాలుగు. రెండేళ్లకు నాలుగు! ఆ నలుగురూ అంతకుముందు ఆయన దగ్గర నాలుగైదు కార్లు కొన్నవాళ్లట. పాత ఖాతాదారులకు మర్యాద చెయ్యాలి కదా సార్ అన్నాడు. ఆ మర్యాద అందుకున్నవారిలో ఒకరి కారే ప్లాస్టిక్ తొడుగుతో వేలానికి వచ్చిందో ఏమో, చెప్పలేను.

నా తెలివితక్కువతనం ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. స్టిక్కరు మీద ఎమ్మెస్సార్పీ అన్న అక్షరాలు చూసినప్పుడల్లా ఇన్నేళ్లూ నా బుర్ర దాన్ని మన ఎమ్మార్పీగానే చదివింది. మంచినీళ్ల సీసా మీద 20 అని ఉంటే బస్టాండులో 25 అడిగినవాడితో పోట్లాడుతూ పెరిగినవాళ్లం. అచ్చు వేసిన ధర దాటితే తప్పు అని మన రక్తంలో ఉంది. ఇక్కడ మధ్యలో ఒక ‘ఎస్’ ఉంది. సూచించిన ధర అని దాని అర్థం. కంపెనీ సూచిస్తుంది, అంతే. డీలరు వేరే వ్యాపారి, కారు అతని సొంతం, చివరి ధర అతని ఇష్టం. కంపెనీల నుంచి డీలర్లను కాపాడే రాష్ట్రాల ఫ్రాంచైజీ చట్టాలు అతనికి గట్టి కంచె కట్టి పెట్టాయి.

అంటే ఆ కారు మీద మొదటి మారుబేరం ఆడినవాడు గరాజులో కూర్చున్న కుర్రవాడు కాదు. సూటు వేసుకుని కాఫీ ఇచ్చినవాడు. అదే డీలరు మళ్ళీ నాకు చెప్పిన మాట ఏమిటంటే, ఈ మారుబేరగాళ్ల వల్ల నిజమైన అభిమానులకు కార్లు దొరకడం లేదు సార్, మాకూ బాధగానే ఉంది. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు.

కంపెనీలు చేతులు ముడుచుకుని కూర్చున్నాయని అనను. 2022 మొదట్లో షెవర్లే కార్లు చేసే జీఎం కంపెనీ, ఫోర్డ్ రెండూ ఈ అదనపు వసూళ్ల విషయంలో తమ డీలర్లను హెచ్చరించాయి. ఆ ఆగస్టులో జీఎం ఇంకో ఉత్తరం రాసింది: జెడ్06 లాంటివి కొని ఏడాదిలోపు అమ్మితే వారంటీలో కొన్ని భాగాలు చెల్లవు, మళ్ళీ అలాంటి కారుకు పేరు రాయించుకోలేరు. ఏడాది అట్టిపెట్టుకున్నవారికి 5 లక్షల పాయింట్లు, అంటే 5,000 డాలర్ల విలువ. యాభై వేలు కళ్ల ముందు ఆడుతుంటే ఐదు వేల తాయిలం చూసి ఎవడు ఆగుతాడు? పైగా వారంటీ పోయేది ఎవరికి? అమ్మి సొమ్ము చేసుకున్నవాడికి కాదు, లక్షన్నర పోసి కొన్న రెండోవాడికి. కొట్టినవాణ్ని వదిలేసి దెబ్బ తిన్నవాడికి జరిమానా వేసినట్టుంది.

ఫోర్డ్ ఇంకా గట్టిగా పట్టుకుంది. 2016లో ఫోర్డ్ జీటీకి దరఖాస్తులు పిలిచింది. మొదటి 500 కార్లకు 6,506 మంది ఎగబడ్డారు. నాలుగున్నర లక్షల డాలర్ల కారు, రెండేళ్లు అమ్మకూడదని సంతకం. కుస్తీ వీరుడు జాన్ సీనా 2017లో కారు అందుకున్న కొద్ది వారాల్లోనే అమ్మేశాడు. ఫోర్డ్ దావా వేసింది. మరుసటి ఏడాది జూన్‌లో రాజీ అయింది, ఆ డబ్బు దానధర్మాలకు పోయింది. బాగానే ఉంది. కానీ అంతకుముందు నెలే ఇండియానాపొలిస్ వేలంలో ఇంకో జీటీ పాటకు వచ్చింది. ఆపాలని ఫోర్డ్ కోర్టుకెక్కినా 18 లక్షల డాలర్లకు పోయింది. సంతకం పెట్టినవాడి చెయ్యి దాటాక ఆ ఒప్పందం ఎవరిని ఆపుతుంది?

ఇదంతా ఫోనులో మా బావమరిదికి చెప్పాను. హైదరాబాదులో ఉంటాడు, నెమ్మదిగా మాట్లాడతాడు, అందుకే ఇంకా ఒళ్లు మండుతుంది. “బావా, మీరు ఇక్కడ ఉన్నప్పుడు ప్రతి ఐపీఓకూ దరఖాస్తు పెట్టేవారు. అలాట్ అయిన షేరు లిస్టింగ్ రోజు పొద్దున్నే అమ్మకానికి పెట్టేవారు. అప్పుడు ఆ కంపెనీ మీద మీకున్న అభిమానం ఎంత?” అన్నాడు. షేరును ఎవరూ నడపరు కదా అన్నాను. అన్నాక నాకే బలహీనంగా వినిపించింది.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. “పోనీ, మామయ్యగారి స్కూటర్ సంగతి?” అన్నాడు.

మా నాన్న 1979లో బజాజ్ చేతక్‌కు పేరు రాయించుకున్నారు. తెనాలిలో బడిపంతులు. ఎనిమిదేళ్లు ఆగారు. ఆ రోజుల్లో అది మామూలే, విదేశీ మారకంలో కట్టగలిగినవాళ్లకే త్వరగా వచ్చేది. 1987లో అలాట్‌మెంట్ కాగితం వచ్చిన సాయంత్రమే బట్టల కొట్టు ఆయన మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. గ్లాసు కింద పెట్టేలోపు బేరం అయిపోయింది. ధర ఆయనే కట్టుకుంటాడు, మాకు పైన నాలుగు వేలు. చిన్నత్త పెళ్లి ఖర్చుల్లో కలిసిపోయింది ఆ నాలుగు వేలు. నాన్న రిటైరయ్యేదాకా సైకిలు మీదే బడికి వెళ్లారు. నేను వాకిట్లో కొత్త స్కూటర్ నిలబెట్టవలసిన చోట ముగ్గుపిండితో చుట్టూ గీత గీసి పెట్టుకున్నాను. అది వానకు పోయింది.

కాబట్టి నేను మారుబేరగాడి కొడుకుని. ఆ కోపంలో సగం వెనక్కి తీసుకున్నది ఇందుకే.

మిగిలిన సగం ఎందుకు ఉంచుకున్నానంటే, బజాజ్ వాళ్లకు అప్పుడు స్కూటర్లు కావలసినన్ని చేయడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. లైసెన్సుల కాలం. కరువు నిజమైన కరువు. ఇప్పటి కరువు చాలావరకు కావాలని తెచ్చుకున్నది. పోర్షా సంగతి చూడండి. 2016లో తన 911 స్పోర్ట్స్ కారులోనే 911 ఆర్ అనే రకాన్ని మాన్యువల్ గేరుబాక్సుతో 991 కార్లే చేసింది. ధర 1,84,900 డాలర్లు. కొన్నవాళ్లు పది లక్షల పైన అడగడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది, ఇన్నే చేస్తామన్న లెక్క లేని మామూలు 911 జీటీ3లోనే ఆ మాన్యువల్ గేరుబాక్సు ఇచ్చింది పోర్షా. ఆర్ ధరలు గాలి తీసిన బుడగలా దిగాయి. గరాజులో దుప్పటి కప్పి పెట్టినవాళ్ల ముఖాలు తలచుకుని హాయిగా నవ్వుకున్నాను. చట్టం, దావా, పాయింట్లు ఏమీ అక్కర్లేకపోయింది. ఇంకొన్ని కార్లు చేస్తే చాలింది.

మందు తెలిసినా పోర్షా దాన్ని మళ్ళీ వాడలేదు. 2023లో 911 ఎస్/టీ వచ్చింది, మొత్తం 1,963 కార్లు. 911 పుట్టింది 1963లో కాబట్టి ఆ అంకె అట! ఆ కారు 1988లో పుట్టి ఉంటే ఇంకో పాతిక మందికి దొరికేది. అమెరికాలో కొనేవారికి మొదటి ఏడాది లీజు మాత్రమే, ఆ తర్వాతే సొంతం. ఇది నిజంగా పనిచేసే తాళం, ఒప్పుకుంటాను. తనది కాని కారును ఎవడూ అమ్మలేడు. కానీ ముందు కొరత పుట్టించి, దానికి తాళం వేసి, ఆ తాళం చూపించి అభిమానులకు శ్రీరంగ నీతులు చెప్పడం నాకు నచ్చదు.

ఇన్ని మాటలూ ఇప్పుడెందుకంటే, పోయిన వారం డీలరు దగ్గరినుంచి ఫోను వచ్చింది. కొత్త అమ్మాయి, గొంతులో ఉత్సాహం. మీ పేరు మా జాబితాలో ఉంది సార్, మీ వంతు వచ్చింది అంది. శనివారం వెళ్లాను. జెడ్06లు ఒకటి కాదు, మూడు ఉన్నాయి, ఎండలో, బయట వరుసలో. నారింజ రంగుది కూడా ఉంది. స్టిక్కరు ధరకు ఇస్తారా అంటే, ఇంకా నాలుగు వేలు తగ్గిస్తామంది.

పక్క అద్దం మీద కంపెనీ స్టిక్కరు ఒక్కటే మిగిలింది. దాని పక్కన, అంతే కొలతలో, నలుచదరంగా జిగురు మరక, దుమ్ము పట్టి కాస్త నల్లబడింది. వేలితో రుద్దాను. పోలేదు. ఇది తుడిచి ఇస్తారా అని అడిగాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు, తప్పకుండా సార్ అని గుడ్డ తేవడానికి లోపలికి పరుగెత్తింది.