గేటు ఒక్కటే గట్టిగా ఉంటే చాలదు

ఆఫీసు నెట్‌వర్క్ భద్రత మీద మీరు రాసిన వ్యాసంలో ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని వడకట్టే గేటు) మీద నాలుగు పేరాలు రాసి, నెట్‌వర్క్‌ను విభాగాలుగా విడగొట్టడాన్ని, అంటే ఒకచోట చొరబడినవాడు మిగతాచోట్లకు పాకకుండా ఆపడాన్ని, ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నా లెక్కలో ఇది తలకిందులు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్) దాడి జరిగి, ఐదు సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల డేటా ఎన్‌క్రిప్ట్ అయిపోయింది. రోజుల తరబడి అంతా చేత్తో రాసుకున్నారు. నెట్‌వర్క్ విభజన సరిగా లేకపోవడమే కారణమని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో (పేరెందుకులెండి) సీసీ కెమెరాలు, గెస్టుల వైఫై, జీతాల సర్వర్ అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండేవి. వేరువేరు వీల్యాన్‌లు (ఒకే స్విచ్ మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లు) పెడదామంటే "ఇన్నాళ్లూ ఏమైంది?" అన్నారు. రూపాయి ఖర్చు లేదు, ఉన్న స్విచ్‌లే సరిపోయేవి. అయితే వీల్యాన్‌లు పెట్టి వాటి మధ్య అన్నిటినీ అనుమతిస్తే గోడ కట్టి తలుపు తీసిపెట్టినట్టే. ఎక్కడి నుంచి ఏ పోర్టుకు (ఒక్కో సేవకు ఉండే నంబరు తలుపు) వెళ్లొచ్చో తేల్చి, మిగతావి మూసెయ్యాలి.

బ్యాకప్ గురించి రాసింది బాగుంది. కానీ అదీ అదే నెట్‌వర్క్‌లో, అదే అడ్మిన్ పాస్‌వర్డ్‌తో ఉంటే దాడి చేసినవాడు ముందు దాన్నే చెరిపేస్తాడు. ఒక కాపీని కేబుల్ పీకేసి పక్కన పెట్టాలి, అప్పుడప్పుడు దాన్నుంచి డేటా తిరిగి ఎక్కించి చూడాలి. ఆ చివరి పని చేసే ఆఫీసు నాకింకా తగల్లేదు.