ట్యాబ్‌లో సంతకం పెడితే పొలం పోతుందంట! ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

ఈ మెసేజ్ నాకు ఎంతమంది పంపారో లెక్కలేదు. అపార్ట్‌మెంట్ గ్రూపు, డిగ్రీ బ్యాచ్ గ్రూపు, కోవూరులో ఉండే మా పిన్నమ్మ, ఆఖరికి మా ఆస్పత్రి క్యాంటీన్ అన్న కూడా. అందరూ కింద ఒకటే రాస్తారు, "నిజమేనా రొంత చూడు" అని. నేను ఆస్పత్రిలో కొత్త మందుల పరీక్షల (క్లినికల్ ట్రయల్స్) పనిలోనే ఉన్నానని తెలుసు గదా, ముందు నన్ను అడిగి తర్వాత పంపొచ్చు గదా, ఊరందరికీ పంపేసి చివర్లో నన్ను అడిగేది ఏంది?

ఇంకా చూడనోళ్ళ కోసం అందులో ఏముందో చెప్తా. "నెల్లూరు, ఒంగోలు ఆస్పత్రుల్లో కొత్త మందుల పరీక్షలకి కాగితం బదులు ట్యాబ్ ఇచ్చి సంతకం పెట్టించుకుంటున్నారు. వేలు తగలగానే మీ ఆధార్ వేలిముద్ర వాళ్ళకి పోతుంది, బ్యాంకు ఖాళీ అవుతుంది, పొలం రాయించుకుంటారు. ట్యాబ్ సంతకం కోర్టులో చెల్లదు కాబట్టి మీకేమన్నా అయితే పైసా రాదు. వీడియో తీసి యూట్యూబ్‌లో పెడతారు. చదువురానోళ్ళని మోసం చెయ్యడానికే ఇదంతా. మీ కాపీ మీకు ఇవ్వరు. ట్యాబ్ రేడియేషన్ గుండె జబ్బోళ్ళకి ప్రమాదం. ఒకసారి ఓకే నొక్కితే వెనక్కి రాలేరు, ఇప్పటికే నొక్కుంటే మందులు వెంటనే ఆపేయండి, వాళ్ళ ఫోన్ ఎత్తకండి, ఆ ఆస్పత్రి వైపు పోవద్దు." కింద దండాలు, మంట బొమ్మలు, పదిమందికి షేర్ చెయ్యమని ఆర్డర్.

రేడియేషన్ పాయింటు ముందు తీసేద్దాం. ఈ మెసేజ్ మీరు చదివింది ఫోన్లోనే. అయిపోయింది.

ఇంక వేలిముద్ర సంగతి. మేం వాడేది మామూలు ట్యాబ్ సామీ, పిల్లోళ్ళు బొమ్మలు చూసుకునేది. గాజు మీద వేలు పెడితే వేలు ఎక్కడ తగిలిందో దానికి తెలుస్తుంది గానీ, వేలి మీద గీతలు ఎట్టున్నాయో తెలవదు. ఆధార్ వేలిముద్ర కావాలంటే దానికి వేరే మిషను ఉంటుంది, రేషన్ షాపులో మీరు వేలు పెట్టి, పడక, తుడుచుకుని మళ్ళీ పెట్టే మిషను అట్టాంటిది. అంత పనిగా చేసిన మిషనే ముసలోళ్ళ వేళ్ళని గుర్తుపట్టలేక సతాయిస్తుంటే, మా ట్యాబ్ తాకగానే లాగేసుకుంటుందంట. అసలు మాకున్న బాధ వేరే. పొలం పని చేసి వేళ్ళు కాయలు కాసిన పెద్దోళ్ళకి టచ్ స్క్రీనే పలకదు. బుచ్చి నుంచి వచ్చిన ఒక పెద్దాయన నెక్స్ట్ బటన్ మీద పొడిచి పొడిచి, "ఏందమ్మా ఇది, నా మాట వినడంలా" అని ట్యాబ్ నాకు తిరిగి ఇచ్చేశాడు, అప్పటినుంచి ప్రతి ట్యాబ్‌కి ఒక స్టైలస్ పెన్ను దారంతో కట్టి పెడుతున్నాం.

వేలిముద్ర దొంగతనం అనేది లేదా అంటే, ఉంది. రిజిస్ట్రేషన్ కాగితాల మీద ఇంకుతో వేసిన వేలిముద్రల్ని వెబ్‌సైట్ల నుంచి దించుకుని, వాటితో రబ్బరు వేళ్ళు చేసి, ఆధార్ ద్వారా డబ్బు తీసే పద్ధతిలో జనం ఖాతాలు ఊడ్చేసిన కేసులు మన రాష్ట్రంలోనూ వచ్చాయి. అంటే పోయింది కాగితం మీద నుంచి. భయం ఉంటే ఆధార్ వాళ్ళ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ (వేలిముద్రకి తాళం) చేసుకోండి, ఉచితం. ఈ ముక్క ఎవరన్నా ఫార్వర్డ్ చేస్తారేమో అని చూస్తున్నా, చెయ్యరు, ఇందులో మంట బొమ్మలు లేవు గదా. పొలం సంగతికి వస్తే, అమ్మేవాళ్ళు కొనేవాళ్ళు సాక్షులు అందరూ పొయ్యి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సగం రోజు కూర్చుంటే గానీ ఒక సెంటు చేతులు మారదు, మా ఓపీ పక్క గదిలో మారిపోద్దా?

ఇక్కడొక తమాషా గమనించారా? రెండో లైన్లో ట్యాబ్ సంతకంతో పొలం పోతుంది. మూడో లైన్లో అదే సంతకం కోర్టులో చెల్లదు. ఏదో ఒకటి తేల్చుకోండి నాయనా. పొలం రాయించుకునేటప్పుడు చెల్లి, నష్టపరిహారం అడిగేటప్పుడు చెల్లని సంతకం ఏందో నాకైతే అర్థం కాలా.

ఎలక్ట్రానిక్ రికార్డులకి 2000 ఐటీ చట్టం నుంచే గుర్తింపు ఉంది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోనూ అవి సాక్ష్యంగా చెల్లుతాయి. దీంట్లో ఒక మెలిక ఉంది, దాచను. తెర మీద పెన్నుతో గీసిన సంతకం, ఆధార్ ఓటీపీతో చేసే ఈసైన్ ఒకటి కాదు, చట్టం దృష్టిలో రెండోదానికి బలం ఎక్కువ. 2019 క్లినికల్ ట్రయల్స్ రూల్స్‌లో ట్యాబ్ ఎట్టా వాడాలో విడిగా ఒక చాప్టర్ రాసి పెట్టలేదు కూడా. అందుకే మా ఎథిక్స్ కమిటీ, అంటే ట్రయల్‌లో ఉండేవాళ్ళ హక్కులు, భద్రత చూసే కమిటీ, స్క్రీన్ స్క్రీన్ చూసి సంతకం ఎట్ట తీసుకుంటారు, ఎక్కడ దాస్తారు, సర్వర్ యాడుంటుంది అని రుబ్బి రుబ్బి గానీ ఒప్పుకోలా. ఆ కమిటీలో ఉండేది డాక్టర్లే కాదు, లాయరు ఉండాలి, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఉండాలి, సగం మంది బయటి వాళ్ళు ఉండాలి.

పరిహారం మాత్రం సంతకం పెన్నుతో పెట్టారా ట్యాబ్‌లో పెట్టారా అన్నదాన్ని బట్టి రాదు. ట్రయల్ వల్ల మనిషికి దెబ్బ తగిలిందని తేలితే స్పాన్సర్, అంటే ట్రయల్ చేయించేవాళ్ళు, ఇవ్వాల్సిందే, 2019 రూల్స్‌లో ఫార్ములా ఉంది. ప్రాణం పోతే 8 లక్షల బేస్ మీద వయసుని బట్టి, జబ్బు తీవ్రతని బట్టి లెక్క కడతారు. నా హక్కులు వదులుకుంటున్నా అనే మాట కన్సెంట్ ఫారంలో (మీరు సంతకం పెట్టే ఒప్పుకోలు పత్రం) ఉండనే కూడదు, ఎవరన్నా అట్టాంటిది పెడితే ఆ ఫారం కమిటీ దాటదు.

వీడియో. అవును, కొన్ని ట్రయల్స్‌లో తీస్తాం, ట్యాబ్ వచ్చాక మొదలుపెట్టింది కాదు. సుప్రీంకోర్టులో ట్రయల్స్ అక్రమాల మీద కేసు నడిచినప్పుడు 2013లో వీడియో తప్పనిసరి చేశారు. 2015లో దాన్ని తగ్గించి, కొత్త రసాయన మందుల ట్రయల్స్‌లో సులువుగా ఒత్తిడికి లొంగే స్థితిలో ఉన్నవాళ్ళకి మాత్రం ఉంచారు. హెచ్ఐవీ, కుష్టు మందులైతే ఆడియో చాలు, మొహం పడకుండా. ఎందుకు తీస్తారు? రేపు మీరు "నాకు చెప్పనేలేదు" అంటే, చెప్పారా లేదా అని మీ పక్షాన చూడటానికి. మేం మూలుగుతా తీస్తాం దాన్ని, మాకేమన్నా సరదానా. యూట్యూబ్‌లో వ్యూస్ రావడానికి అందులో ఏముంది, నలభై నిమిషాలు సైడ్ ఎఫెక్టులు చదవడమేగా.

ఇప్పుడు అసలు దానికి వస్తా. పైవన్నీ నవ్వి వదిలేయొచ్చు, చివరి లైను మాత్రం వదల్లేను. "మందులు వెంటనే ఆపేయండి, ఫోన్ ఎత్తకండి." ఈ లైను రాసిన మనిషికి బీపీ మాత్ర ఉన్నట్టుండి ఆపితే ఏమవుద్దో తెలుసా? బీటా బ్లాకర్ లాంటివి టక్కున ఆపితే బీపీ, గుండె వేగం ఎగదన్నుకుని పైకి పోతాయి, గుండె జబ్బుంటే ఛాతీ నొప్పి రావచ్చు, అంతకన్నా పెద్దదే రావచ్చు. ఫిట్స్ మందు ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. ఎక్కువ రోజులు వాడిన స్టిరాయిడ్ ఆపితే మనిషి కళ్ళు తిరిగి పడిపోతాడు. ట్రయల్‌లో ఏ మందు ఎవరికి పోతుందో చాలాసార్లు రోగికే కాదు మాకూ తెలవదు, అట్టాంటప్పుడు వాట్సాప్ చూసి ఆపేస్తే ఆ మనిషికి ఏమైందో ఎవరు చెప్పాలి? ఆపేసి మళ్ళీ ఫోన్ కూడా ఎత్తకూడదంట! అంటే ప్రమాదం వచ్చినా సాయం అందకుండా తలుపు గడియ పెట్టుకోమని సలహా.

మా ట్రయల్‌లో ఒకామె, ఇందుకూరుపేట వైపు, విజిట్‌కి రాలేదు. ఫోన్ చేస్తే కట్ చేస్తుంది. ఇంకోసారి చేస్తే కొడుకు ఎత్తి, "మా అమ్మ పేరు తీసేయండి, మేం కేసు పెడతాం" అన్నాడు. తీసేస్తాం నాయనా, కేసు అక్కర్లేదు, మాత్రలు ఆపిందా అని అడిగితే, ఆపి వారమైంది, తల తిరుగుతుందంటే ఎండ అనుకున్నాం అన్నాడు. అంతా చెప్పి, ఆ పొద్దే దగ్గర్లో బీపీ చూపించి, డాక్టర్‌తో మాట్లాడించేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. ఆమె బాగానే ఉంది. ట్రయల్ నుంచి బయటికి కూడా పోయింది, కారణం చెప్పమని మేం బలవంతం చెయ్యలేదు, చెయ్యకూడదు.

వెనక్కి రాలేరు అనేది పచ్చి అబద్ధం. ఏ రోజైనా, ఏ కారణం చెప్పకుండా, నోటి మాటతో అయినా బయటికి పోవచ్చు. పోయినందుకు మీ మామూలు వైద్యం ఆగదు. ఇది ట్యాబ్‌లో ఒక స్క్రీన్ నిండా పెద్ద అక్షరాలతో ఉంది, చివర్లో ప్రశ్న కూడా అడుగుతుంది, "మధ్యలో మానేస్తే మీ వైద్యం ఆపేస్తారా?" అని. అవును అని నొక్కితే సంతకం దాకా పోనివ్వదు, ఆ స్క్రీన్‌కే తీసకపొయ్యి మళ్ళీ చదివిస్తుంది. కాగితం ఇట్టా చెయ్యదు. కాగితంలో పదిహేను పేజీలు తిప్పి "యాడ పెట్టాలమ్మా సంతకం" అంటారు, అంతే. బయటికి పోయేముందు మందు ఎట్టా తగ్గించాలో డాక్టర్ చెప్తాడు, అందుకే చెప్పి పోండి అంటాం, కట్టేసి పెట్టడానికి కాదు. అప్పటిదాకా తీసుకున్న రిపోర్టుల వివరాలు మాత్రం స్టడీలో ఉంటాయి, అదీ ఫారంలో రాసే ఉంటుంది.

ఇంకోటి, ట్రయల్‌లో ఉన్న మనిషి ఏ కారణంతో ఆస్పత్రిలో చేరినా మేం 24 గంటల్లో ఢిల్లీలో మందుల కంట్రోల్ ఆఫీసుకి, స్పాన్సర్‌కి, ఎథిక్స్ కమిటీకి చెప్పాలి. ట్రయల్ వల్ల కాదని తేలేదాకా వైద్యం ఖర్చు మీ మీద పడదు. మీరు ఫోన్ ఎత్తకపోతే మాకు తెలిసేదెట్టా, మీకు ఆ ఖర్చు వచ్చేదెట్టా? మీ హక్కు కాపాడతానని చెప్పి ఆ హక్కునే మీ చేత పారేయించే మెసేజ్ ఇది. 2021 మే నెలలో కృష్ణపట్నం ఆనందయ్య కరోనా మందుకి ఎండలో కిలోమీటర్ల లెక్కన క్యూ కట్టిన జిల్లా మనది. ఆ మందు మంచిదా చెడ్డదా అనే గొడవలోకి నేను పోను, ఆ రోజు కళ్ళల్లో చుక్కలేయించుకున్నోళ్ళలో ఒక్కరన్నా "నాకేమన్నా అయితే ఎవరు చూస్తారు, కాగితం ఏదీ" అని అడిగారా? ఇప్పుడు అన్నీ రాసిచ్చి, చదివి వినిపించి, ప్రశ్నలు కూడా అడిగితే అనుమానం!

చదువురానోళ్ళ పాయింటు దగ్గర మాత్రం నేను నోరు పారేసుకోను. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2009లో, అప్పుడు మన రాష్ట్రమే, ఖమ్మం జిల్లాలో దాదాపు 14,000 మంది ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేశారు, చాలామంది హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోతే, టీకా వల్ల కాకపోవచ్చనే విచారణ కమిటీ చెప్పింది. కానీ సంతకాలు తీస్తే ఏం బయటపడింది? పార్లమెంటు స్థాయీ సంఘం 2013 రిపోర్టులో ఉంది, 9,543 ఫారాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు, 1,948 మీద వేలిముద్రలు. చాలామంది తల్లిదండ్రులకి తెలవదు. 2011లో పిడుగురాళ్ళ ఆడవాళ్ళని డబ్బాశ చూపి హైదరాబాద్‌లో మందుల పరీక్షలకి తీసకపోయారనే గొడవ. ఇవన్నీ గుర్తున్నోళ్ళు భయపడితే తప్పు వాళ్ళది కాదు, మా రంగానిది. ఆ ఫారాలన్నీ కాగితాలే అనేది నిజమే గానీ, అది చెప్పి నేను తప్పించుకోలేను. వార్డెన్ చేతికి ట్యాబ్ ఇస్తే వార్డెనే స్టైలస్ కూడా పట్టుకుంటాడు.

అందుకే చదవడం రానోళ్ళకి మొదటి నుంచి చివరిదాకా మాకు సంబంధం లేని సాక్షి పక్కన కూర్చోవాలి, సంతకం పెట్టాలి. మా నర్సు కూర్చుంటే కుదరదు. వేలిముద్ర ట్యాబ్‌లో పడదని చెప్పా గదా, వాళ్ళకి కాగితం, ఇంకు ప్యాడే. ట్యాబ్ వద్దన్న ఎవరికైనా కాగితమే ఇవ్వాలి, ట్యాబ్‌లోనే పెట్టాలని ఎవరన్నా పట్టుబడితే లేచి వచ్చెయ్యండి.

కాపీ పాయింటు ఉంది చూశారా, అది ఎవరు రాశారో గానీ కరెక్టు. సంతకం పెట్టిన కాపీ మీకు ఇవ్వడం రూలు. కానీ ఈ సాఫ్ట్‌వేర్లు తయారు చేసినోళ్ళ లెక్కలో కాపీ ఇవ్వడం అంటే ఈమెయిల్‌కి పంపడం. ముత్తుకూరు నుంచి వచ్చే డెబ్బై ఏళ్ళ ఆయనకి ఈమెయిల్ యాడుంటుంది? బెంగుళూరులో ఉండే కొడుకుది ఇస్తాడు, ఓటీపీ కూడా ఆ కొడుకు ఫోన్‌కే పోతుంది, ఆయన జబ్బు ఏందో ఆయన ఇంట్లో చెప్పుకోకముందే కొడుకు మెయిల్లో పీడీఎఫ్ కూర్చుంటుంది. ఇది చిన్న సంగతి కాదు. దీని మీద స్పాన్సర్ వాళ్ళతో మేం ఇంకా పోట్లాడుతున్నాం, పేపర్‌లెస్ అని పేరు పెట్టి ప్రింటర్ అడుగుతారేంది అంటారు వాళ్ళు. అడుగుతాం. మీరూ అడగండి. ప్రింట్ చేసిన కాపీ చేతికి వచ్చేదాకా కుర్చీలోంచి లేవొద్దు. ఆ కాపీలో డాక్టర్ నంబరు, ఎథిక్స్ కమిటీ నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. ట్రయల్‌కి సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు ఏందని అడగండి, అది ఆ వెబ్‌సైట్లో కొడితే స్టడీ ఎవరిది, ఏ ఆస్పత్రుల్లో జరుగుతుందో కనపడుతుంది, 2009 నుంచి ప్రతి ట్రయల్ అక్కడ నమోదు కావాల్సిందే.

పిన్నమ్మా, నీకు విడిగా చెప్తున్నా, మీ వీధిలో ఆ మెసేజ్ చూసి మాత్రలు ఆపినోళ్ళు ఎవరన్నా ఉంటే నాకు ఇవ్వాళే ఫోన్ చెయ్యమను.