శిక్షణ ఒక్కటే సరిపోదు
సామాజిక వ్యాపారానికి, అంటే ఊరి మేలు కోసం చేసే వ్యాపారానికి, ముందుకొచ్చేవాళ్లకు మంచి శిక్షణ ఇస్తే ఊరు దానంతటదే మారుతుందని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జీడి, కొబ్బరి తోటలను కూల్చేసింది. కొత్తగా నాటిన జీడి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది కదా, ఉన్న కాస్త పంటకైనా మంచి ధర రావాలని మా ఊరి మహిళా సంఘం ఆలోచించింది. జీడి పిక్కలు పలాస తీసుకెళ్లి అమ్మేయకుండా తామే పప్పు తీసి అమ్ముదామనుకున్నారు. మా పిన్నే ముందు నిలబడింది. శిక్షణ బాగానే ఇచ్చారు. కానీ పిక్కలు కొనాల్సింది ఏప్రిల్, మే నెలల్లో, బ్యాంకు అప్పు చేతికొచ్చింది ఆగస్టులో! అప్పటికి 80 కిలోల బస్తా మా వాళ్లకు అందని ధరకు పోయింది. శిక్షణ ఇచ్చినవాళ్లు, బ్యాంకువాళ్లు, పప్పు కొనే వ్యాపారులు ఒక్క పూట ఒకచోట కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఆ సీజన్ పోయేది కాదు. పిక్క కొడుతుంటే పెంకులోని జీడి నూనె చిమ్మి పిన్ని వేళ్లు నల్లగా పొక్కిపోయేవి. బూడిద రాసుకుని మళ్లీ కూర్చునేది. ఆమెకు పట్టుదల ఎవరూ నేర్పక్కర్లేదు, డబ్బు వేళకు అందితే చాలు. ఈసారి సంక్రాంతి వెళ్లగానే బ్యాంకుకు వెళ్తానంటోంది, నేనూ తోడు వెళ్తున్నాను.