సంతకం సరే, లెక్కేది?

మహిళా దినోత్సవమైన మార్చి 8న ఊదారంగు ఫలకం ముందు నిలబడి స్త్రీ పురుష సమానత్వానికి కట్టుబడి ఉన్నామని చాటే యాజమాన్యాలే, తమ సంస్థలో ఒకే పని చేసే మహిళకూ పురుషుడికీ ఎంతెంత చెల్లిస్తున్నారో చెప్పమంటే అది వ్యాపార రహస్యమని తప్పుకుంటున్నాయి. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం, వ్యాపార సంస్థల కోసం సమితి నడిపే గ్లోబల్ కాంపాక్ట్ వేదిక కలిసి 2010లో వెలువరించిన మహిళా సాధికారత సూత్రాలు ఏడు. వాటికి మద్దతు పలుకుతూ వేల కంపెనీల అధినేతలు సంతకాలు చేశారు. నాయకత్వమే చొరవ చూపాలనేది మొదటి సూత్రం. ఫొటో దిగడానికి అది చాలు. సాధించిన ప్రగతిని కొలిచి బహిరంగంగా వెల్లడించాలనేది ఏడోది. మొదటిదానికి ఉత్సాహంగా లేచిన చేతులు ఏడోదాని దగ్గరకు వచ్చేసరికి జేబుల్లోకి పోతున్నాయి.

లెక్క బయటపడకపోతే ఏమవుతుందో 1968లో లండన్ శివారు డాగెన్‌హామ్‌లోని ఫోర్డ్ కర్మాగారం చూపించింది. కార్ల సీట్లకు కవర్లు కుట్టే మహిళల పనిని తక్కువ నైపుణ్యం చాలే పనిగా వర్గీకరించి, అదే శ్రేణిలోని పురుషుల కన్నా తక్కువ కూలి ఇచ్చేవారు. వాళ్లు మిషన్లు ఆపేశారు. సీట్లు లేక కార్ల తయారీయే నిలిచిపోయింది. 1970లో బ్రిటన్ సమాన వేతన చట్టం చేయడానికి ఆ సమ్మె ప్రేరణ అయింది గానీ, కుట్టుపని నైపుణ్యమున్న పనేనని యాజమాన్యం ఒప్పుకోవడానికి మరో సమ్మె కావలసి వచ్చింది, 1984 దాకా ఆగవలసి వచ్చింది.

జీతాలు వెల్లడిస్తే పోటీ సంస్థలు ఉద్యోగులను ఎగరేసుకుపోతాయనీ, అనుభవాన్నీ పనిగంటలనూ పట్టించుకోని సగటులు తప్పుదోవ పట్టిస్తాయనీ కంపెనీలు వాదిస్తున్నాయి. రెండో మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే వాటిని కూడా కలిపి లెక్క చూపండి, ఎవరు వద్దన్నారు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం దేనికి? 250 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు స్త్రీ పురుషుల వేతన వ్యత్యాసాన్ని ఏటా ప్రకటించాలని బ్రిటన్ 2017లో నిబంధన తెచ్చింది; ఏ కంపెనీ కొంపా మునగలేదు. పాతిక మంది ఉన్నా సరే, సమాన వేతనమే ఇస్తున్నట్టు యజమానే నిరూపించుకోవాలనే ఐస్‌లాండ్ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. కానీ 2020లో కోవిడ్ రాగానే బ్రిటన్ ఆ ఏటికి తన నిబంధన అమలును పక్కన పెట్టేసింది. కష్టకాలంలో మొదట వదిలించుకునే బరువు ఇదేనన్న సంకేతం వెళ్లింది. మమ్మల్ని కలవరపెడుతున్నది ఆ సంకేతమే.

సంపన్న దేశాల్లో వేతన వ్యత్యాసం ఇప్పుడు ప్రధానంగా ఒకే వృత్తిలోని స్త్రీ పురుషుల మధ్యే ఉందనీ, అది ఎక్కువగా తొలి బిడ్డ పుట్టాకే మొదలవుతుందనీ 2023 ఆర్థికశాస్త్ర నోబెల్ గ్రహీత క్లాడియా గోల్డిన్ పరిశోధన తేల్చింది. తల్లికి సెలవిచ్చి, తండ్రిని మర్నాడే పనిలోకి రమ్మనే సంస్థ ఆ వ్యత్యాసాన్ని తన చేతులతోనే తయారుచేస్తోంది. సెలవు ముగించుకుని వచ్చిన మహిళకు పాత కుర్చీ, పాత బాధ్యతలు దక్కాయా, ఆ ఏటి పదోన్నతుల జాబితాలో ఆమె పేరుందా అన్నది ఏ ప్రకటనలోనూ కనిపించదు. కార్యాలయం తుడిచే కాంట్రాక్టు కార్మికురాలైతే అసలు లెక్కలోకే రాదు. మహిళల చిన్న సంస్థల నుంచి సరుకు కొంటున్నామని చెప్పుకొనే పెద్ద కంపెనీ బిల్లు చెల్లించడానికి మూడు నెలలు తిప్పితే, ఆ మధ్యకాలపు వడ్డీ కట్టేది ఆ చిన్న యజమానురాలే. సరఫరాదారుల గురించి చెప్పే అయిదో సూత్రం మీదా వీరి సంతకముంది మరి!

వచ్చే మార్చికి ఫలకాలు అచ్చువేయించే ముందు యాజమాన్యాలు తమ వేతన పట్టికను, కాంట్రాక్టు సిబ్బందితో సహా, ప్రజల ముందు పెట్టాలి. ఆ కాగితం చేతిలో లేని అధినేతలు దయచేసి వేదిక ఎక్కవద్దు.